చూపు, మాట, చెయ్యి, వెంటపడటం: అన్నిటికీ ఒకే పేరు పెడితే వచ్చే చిక్కు

మా అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ రెండు పిన్నీసులు ఉండేవి. ఒకటి చీర కొంగుకి, రెండోది బస్సుకి. బస్సుకి పిన్నీసు ఎందుకమ్మా అని ఆరో తరగతిలో అడిగితే, పెద్దయ్యాక తెలుస్తుందిలే అంది. పెద్దయ్యే దాకా ఆగాల్సిన పని పడలేదు. ఎనిమిదో తరగతిలో, స్కూల్ యూనిఫాంలో, రెండు జడలతో పుస్తకాల సంచి మోసుకుంటూ నిలబడి ఉన్నప్పుడే తెలిసింది. (బట్టల వల్లే ఇదంతా అనేవాళ్ళతో నా వాదన అక్కడితో ఆపేస్తాను. నీలం స్కర్టు, తెల్ల చొక్కా. ఇంకేం వేసుకుని ఉండాల్సిందో వాళ్ళే చెప్పాలి.)

మొన్న సంక్రాంతికి ముందు గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాను. కిటికీ పక్క సీటు. కాజ టోల్‌గేటు దాటాక వెనక నుంచి, సీటుకీ బస్సు రేకుకీ మధ్య ఉండే సందులోంచి ఏదో నడుముకి తగిలింది. మొదటిసారి ఎవరి బ్యాగో అనుకుంటాం. రెండోసారి పాపం నిద్రలో చెయ్యి జారిందేమో అనుకుంటాం. మూడోసారి కిందికి చూస్తే నాలుగు వేళ్ళు, ఒక వేలికి పగడపు ఉంగరం. నలభై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఆఫీసులో పదిమందికి పని పురమాయించేదాన్ని, నోట్లోంచి మాట రావడానికి అర నిమిషం పట్టింది. అప్పుడు లేచి గట్టిగా అరిచాను.

“ఏందమ్మా, ఏమైంది?” అన్నాడు కండక్టర్.

“వెనకాయన చెయ్యి పెడుతున్నాడు.”

“నేనా? నిద్రపోతుంటే లేపి మరీ...” అన్నాడు ఉంగరం మనిషి.

ముందు సీట్లో ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరక్కుండానే, “బస్సన్నాక తగులుద్దమ్మా, అంత ఇబ్బందైతే కారులో పోవాలి” అన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లలోకి తలలు దించేశారు. ఒక పెద్దావిడ మాత్రం, “నువ్విట్రామ్మా, నా పక్కన కూర్చో” అని జరిగి చోటిచ్చింది. ఆవిడ మంచితనానికి దణ్ణం పెట్టాలి, కాదనను. కానీ లేచింది నేను, సీటు మారింది నేను, బస్సంతా నా వంక చూస్తుంటే చెవులు వేడెక్కింది నాకు. ఆయన విజయవాడ ముందు కృష్ణ మీదున్న వారధి దాటే దాకా అక్కడే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన “ఈవ్ టీజింగా, ఈ వయసులో నీకా?” అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. ఆయన చెడ్డవాడని కాదు. ఆ మాటే అలాంటిది. వినగానే కాలేజీ గేటు, కుర్రాళ్ళు, ఓణీ వేసుకున్న అమ్మాయి, వెనకాల సినిమా పాట గుర్తొచ్చేలా ఉంటుంది.

ఈవ్ టీజింగ్ అనేది మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ చెలామణీ అయిన ఇంగ్లీషు. టీజింగ్ అంటే ఆటపట్టించడం. మరదల్ని బావ ఆటపట్టిస్తాడు, కొత్త అల్లుణ్ణి బావమరుదులు ఆటపట్టిస్తారు. బస్సులో నడుము నొక్కడం ఆటపట్టించడం ఎలా అవుతుంది? మన పేపర్లు వాడే ‘ఆకతాయిలు’ కూడా తక్కువేం కాదు, ఆ మాట వింటే పక్కింటి మామిడిచెట్టు మీద రాళ్ళేసే పిల్లాడు కళ్ళ ముందుకొస్తాడు. తమాషా ఏంటంటే మన శిక్షాస్మృతిలో ఈవ్ టీజింగ్ పేరుతో నేరమే లేదు. చట్టం దీన్ని ముక్కలు ముక్కలుగా చూస్తుంది, ఒక్కో ముక్కకి ఒక్కో సెక్షన్, ఒక్కో శిక్ష, ఒక్కో రకం సాక్ష్యం. మనం మాత్రం అన్నిటినీ ఒకే సంచిలో వేసి, ఆ సంచిలో అన్నిటికన్నా తేలికైనది ఏదో దాని బరువే మొత్తానికి కట్టేస్తాం. అందుకే విడదీసి చూద్దాం.

ముందు చూపు. తేరిపార చూడటం నేరమా? 2016లో కేరళ ఎక్సైజ్ కమిషనర్ రిషిరాజ్ సింగ్ ఒక సభలో, 14 సెకన్లకు మించి అమ్మాయిని చూస్తే కేసు పెట్టొచ్చు అన్నారు, అప్పటి నుంచి ఆ 14 సెకన్లు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఉత్త చూపుకి విడిగా సెక్షన్ లేదు. చూపుకి సైగ తోడైతే, అసభ్యమైన చేష్ట తోడైతే అప్పుడు చట్టం వస్తుంది. కాబట్టి చూపు విషయంలో నేను చట్టం మీద ఆశ పెట్టుకోను. ఏలూరు రోడ్డులో ఆటో కోసం నిలబడ్డ పావుగంటలో ఎదురుగా బైక్ మీద కూర్చుని కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా కొలిచే మనిషిని ఏ పోలీసూ పట్టుకెళ్ళడు. అలా కొలవడం చెడ్డ అలవాటని అతనికి చెప్పగలిగింది పక్కనున్న స్నేహితుడే, అతనేమో తనూ కొలుస్తుంటాడు.

తర్వాత మాట. ఇక్కడ చట్టం గట్టిగానే ఉంది. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 79వ సెక్షన్ స్త్రీని అవమానించాలన్న ఉద్దేశంతో అనే మాట, చేసే సైగ, శబ్దం గురించి చెబుతుంది, మూడేళ్ళ దాకా జైలు. లైంగిక అర్థం వచ్చే కామెంట్లు 75వ సెక్షన్ కిందికి కూడా వస్తాయి, దానికి ఏడాది దాకా. కాగితం మీద బాగానే ఉంది. కానీ కామెంట్ వేసినవాడు పది సెకన్లలో మలుపు తిరిగిపోతాడు, పేరు తెలీదు, ఊరు తెలీదు, “నేను ఫోన్లో మాట్లాడుకుంటున్నా” అంటే కాదని తేల్చేవాళ్ళుండరు.

కామెంట్ల గురించి ఇన్నేళ్ళలో నేను గమనించింది ఒకటుంది. టీ బంకు దగ్గర నలుగురున్నప్పుడు పడే కామెంట్ అమ్మాయి కోసం కాదు, మిగతా ముగ్గురి కోసం. ఒంటరిగా ఎదురైన కుర్రాడు తల దించుకుని పోతాడు, వాడే గుంపులో ఉంటే హీరో. అమ్మాయి తిరిగి ఏదన్నా అంటే ఆటకి ఇంటర్వెల్ తర్వాత సగం మొదలైనట్టే. ఆ ముగ్గురిలో ఒక్కడు నవ్వకుండా “ఏందిరా ఆ మాటలు, టీ తాగు” అంటే చాలు, మొత్తం చప్పబడిపోతుంది. అమ్మాయి మాటకి లేని బరువు వాడి మాటకి ఉండటం నాకు నచ్చదు, కానీ ఉంది.

మూడోది చెయ్యి. అసలు గొడవంతా ఇక్కడే, ఎందుకంటే దీనికి రద్దీ అనే దొంగసాక్షి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలో, పండగ ముందు బీసెంట్ రోడ్డులో, సాయంత్రం ఆరింటికి సిటీ బస్సులో తగలకుండా నడిచేవాళ్ళు ఎవరూ ఉండరు. మరి పొరపాటున తగిలిందో కావాలని తగిలించాడో ఎలా తెలుస్తుంది అని మగవాళ్ళు నిజాయితీగానే అడుగుతారు. తెలుస్తుంది. పొరపాటున తగిలిన చెయ్యి ఉలిక్కిపడుతుంది, వెనక్కి పోతుంది, మనిషి “సారీ అండి” అంటాడు లేదా కనీసం ముడుచుకుంటాడు. కావాలని తగిలిన చెయ్యి అక్కడే ఉంటుంది, లేదా పోయి మళ్ళీ వస్తుంది, ఆ మనిషి ముఖం మాత్రం కిటికీ బయట దేనికోసమో వెతుకుతుంటుంది. మనం బ్యాగు అడ్డం పెట్టుకుంటే బ్యాగు కింద నుంచి వస్తుంది. ఇది తెలుసుకోవడానికి ఆడవాళ్ళకి పెద్ద తెలివేం అక్కర్లేదు, రోజూ జరిగేదే.

ఈ చేతికి 74వ సెక్షన్ ఉంది, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం చేయడం. కనీసం ఏడాది, గరిష్ఠంగా అయిదేళ్ళు, నాన్ బెయిలబుల్. బందరు రోడ్డు మీద స్కూటీపై పోతున్న అమ్మాయిని బైక్ మీద వస్తూ వీపు మీద కొట్టి పోవడం కూడా ఈ లెక్కలోకే వచ్చే అవకాశం ఉంది. అది ‘అల్లరి’ అనుకునే కుర్రాళ్ళకీ తెలియదు, వాళ్ళ అమ్మానాన్నలకీ తెలియదు.

చిన్నదే కదా, వదిలేయకూడదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1988లో చండీగఢ్‌లో ఒక విందులో అప్పటి పంజాబ్ పోలీసు ఉన్నతాధికారి కె.పి.ఎస్. గిల్ తన పిరుదు మీద కొట్టాడని ఐఏఎస్ అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. ఎవరూ పట్టించుకోదగనంత స్వల్పమైన హానిని నేరంగా చూడనక్కర్లేదని ఐపీసీలో 95వ సెక్షన్ ఉండేది, దాని ఆసరాతో హైకోర్టు ఎఫ్ఐఆర్‌ని కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పి కేసు నడవాలంది, 1996లో శిక్ష పడింది. అంతటి అధికారిణికి కూడా, నిండు విందులో, నలుగురి మధ్య జరిగినదానికి ‘ఇది చిన్నది కాదు’ అనిపించుకోవడానికే ఏడేళ్ళు పట్టింది. ఇక కాజ దగ్గర బస్సులో నేనెంత.

ఈ ‘చిన్నది’ అన్న లెక్క పోలీసుల్లోనూ ఉంటుంది. హైదరాబాద్‌లో పోలీసు గస్తీ మీద కొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు, యూనిఫాంలో ఉన్నవాళ్ళని కొన్ని చోట్ల, మఫ్టీలో ఉన్నవాళ్ళని కొన్ని చోట్ల తిప్పి చూశారు. మొత్తం మీద వీధి వేధింపులేమీ తగ్గలేదు, కానీ యూనిఫాం కనబడిన చోట పట్టుకోవడం, తడమడం లాంటి తీవ్రమైనవి తగ్గాయి. పోలీసు వేటిని సీరియస్‌గా తీసుకుంటాడో అవి తగ్గాయి, మామూలే అనుకునేవి మామూలుగానే సాగాయి. పోకిరీలు కూడా పోలీసుల లెక్కను సరిగ్గానే చదువుకున్నారన్నమాట.

ఇక అసలు బరువు ఎక్కడుందో చూడండి. విడివిడిగా చూస్తే ఒక కామెంట్, ఒక చూపు, ఒక తాకిడి. కానీ అది పడేది ఎప్పుడూ ఒకరి మీదే, రోజూ. గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో తేలిందేమంటే, దారి భద్రంగా ఉంటుందంటే అమ్మాయిలు అంతకన్నా మంచి కాలేజీని కూడా వదులుకుంటున్నారు, ప్రయాణానికి అబ్బాయిలకన్నా ఎక్కువ డబ్బు పెడుతున్నారు. చదివినప్పుడు ఆశ్చర్యమేం కలగలేదు. నేను చదువుకునే రోజుల్లో మా నాన్న లాడ్జి సెంటర్ మీదుగా వెళ్ళే బస్సు మాన్పించి నెలవారీ ఆటో పెట్టించారు, ఆ డబ్బు మా తమ్ముడి క్రికెట్ కోచింగ్‌కి దాచింది. కొన్నాళ్ళు వాడు నాతో మాట్లాడలేదు. చేసింది ఎవరో, కట్టింది ఎవరో.

ఇంట్లో ఎందుకు చెప్పరు అంటే కూడా ఇదే కారణం. చెబితే వాడికేం జరుగుతుందో తెలియదు, తనకేం జరుగుతుందో మాత్రం బాగా తెలుసు: ట్యూషన్ మానెయ్, ఫోన్ ఇలా ఇవ్వు, అన్నయ్య దింపుతాడు, అయినా నువ్వు ఆ టైముకి అక్కడెందుకున్నావ్? భయం కూడా ఉత్తది కాదు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థినిని, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన యువకుడు పొడిచి చంపాడు. 2022 ఏప్రిల్‌లో కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. ఆ తర్వాత మా వైపు ఇళ్ళల్లో తల్లులు కూతుళ్ళతో “ఎవడన్నా ఏమన్నా అంటే తిరిగి అనొద్దే” అని చెప్పడం నేను చెవులారా విన్నాను. నోరు విప్పండి అని స్టేజీల మీద చెప్పేవాళ్ళకి ఈ భయం అర్థం కావాలి.

అలాగని ఏం చేయలేమా? చేయొచ్చు, కాకపోతే ఏది జరిగిందో దాన్నిబట్టి చేయాలి.

బస్సులో జరిగినదానికి 2012 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఒకటుంది, సముద్రం అనే తమిళనాడు కానిస్టేబుల్ కేసులో. బాధితురాలు ఫిర్యాదు చేస్తే డ్రైవర్, కండక్టర్ ఆ బస్సుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాలి, లేకపోతే పర్మిట్ రద్దు చేయాలి అని అందులో ఉంది. నాకు ఆ రోజు ఈ సంగతి తెలియదు. తెలిసి అడిగినా, ఆఫీసులకి టైమైపోతున్న నలభై మంది నన్ను కొరకొరా చూసేవాళ్ళు, అదీ నిజమే. అయినా కండక్టర్‌తో “మంగళగిరి స్టేషన్ దగ్గర ఆపండి” అని ఒక్క మాట అని ఉంటే ఆ ఉంగరం మనిషి నిద్ర తేలిపోయేది. ఏ స్టేషన్ పరిధి అన్న గొడవ కూడా లేదు, జీరో ఎఫ్ఐఆర్ అంటే ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. గుంటూరు జిల్లాలో జరిగింది, మీరు అక్కడికే వెళ్ళండమ్మా అని ఎన్టీఆర్ జిల్లా స్టేషన్‌లో తిప్పి పంపడానికి లేదు. ఈ సెక్షన్ల కింద ఆడవాళ్ళిచ్చే ఫిర్యాదుని మహిళా అధికారే రాసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టినా చెల్లుతుంది. అత్యవసరమైతే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

మధ్యలో ఒక మాట. ఆడవాళ్ళ మీద నేరాలకి దిశ చట్టం ఉంది కదా, 21 రోజుల్లో తీర్పు వస్తుంది కదా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించింది బిల్లు, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టం కాలేదు. దిశ పేరుతో యాప్, స్టేషన్లు వచ్చాయి. ప్రభుత్వం మారాక 2025 మార్చిలో ఆడవాళ్ళ భద్రతకే శక్తి యాప్ వచ్చింది. పేర్లు మారుతుంటాయి, ఫోన్లో పాతది ఉంటే తీసేసి కొత్తది పెట్టుకోండి, అంతకు మించి ఆ రాజకీయంలోకి నేను పోను.

అబ్బాయిలకి జరగదా? జరుగుతుంది. పద్దెనిమిదేళ్ళ లోపు అయితే, పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం ఆడామగా తేడా లేకుండా వర్తిస్తుంది. పైన చెప్పిన సెక్షన్లు మాత్రం ఆడవాళ్ళకే. ట్రాన్స్‌జెండర్లకి 2019 చట్టం ఉంది, వాళ్ళ మీద లైంగిక వేధింపుకి అందులో గరిష్ఠ శిక్ష రెండేళ్ళే.

చివరిది వెంటపడటం, ఇది మిగతా మూడిటికీ పూర్తిగా వేరు. ఆ మూడూ క్షణాల్లో అయిపోతాయి, చేసినవాడు మాయమైపోతాడు. ఇక్కడ వాడు మాయం కాడు, అదే సమస్య. 2013 దాకా దీనికి విడిగా సెక్షనే లేదు, ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సులతో వచ్చింది, ఇప్పుడది 78వ సెక్షన్. ఇందులో రెండు మాటలు కీలకం. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసి ఉండాలి, అయినా అతను పదేపదే వెంటపడి ఉండాలి. మొదటిసారి మూడేళ్ళ దాకా, రెండోసారి దోషిగా తేలితే అయిదేళ్ళ దాకా. మనవాళ్ళు చేసేదేమో సరిగ్గా తిరగబడి ఉంటుంది. పట్టించుకోకపోతే వాడే పోతాడు అని తల వంచుకుని నడుస్తారు, ఆ మౌనాన్ని వాడు ‘సిగ్గు పడుతోంది’ అని చదువుకుంటాడు, మన సినిమాలు అలా చదవడం నేర్పాయి కూడా. ఒక్కసారి, వీలైతే రాతలో, ఇష్టం లేదు మళ్ళీ రావద్దు అని చెప్పి ఇక ఏమీ మాట్లాడకుండా ఉండటం మేలు. ఆ ఒక్క మెసేజ్ రేపు స్టేషన్‌లో పనికొస్తుంది.

మరి అమ్మాయిని పలకరించడం కూడా తప్పేనా అని మా ఆఫీసులో ఒక కుర్రాడు అడిగాడు, పాపం మంచివాడే. ఆమె అక్కణ్ణుంచి ఏ నష్టం లేకుండా వెళ్ళిపోగలదా అని చూసుకో అన్నాను. కదిలే బస్సులో, లిఫ్ట్‌లో, ఆమె ఇంటి సందు చివర ఆ వీలుండదు. వీలున్న చోట ఒకసారి అడుగు, కాదంటే వెళ్ళు. రెండోసారి అడగడాన్ని ప్రేమ అనుకునేది అడిగేవాడొక్కడే.

మా అక్క కూతురు గుంటూరు బ్రాడీపేటలో చదువుకుంటోంది. ఆ లైన్లూ అడ్డరోడ్లూ తెలిసినవాళ్ళకి తెలుసు, ఏ దారిన వెళ్ళినా ఇంకో దారిలో అడ్డం రావచ్చు. ఒకడు సరిగ్గా అదే చేసేవాడు, నాలుగో లైన్లో వదిలితే అయిదో లైన్లో ఎదురయ్యేవాడు. “పిన్నీ, అమ్మకి చెబితే హాస్టల్ మార్చేస్తుంది, చెప్పొద్దు” అంది. సరేనని ఒక పని చేయమన్నాను. వాడి నంబరుకి ఒక్క మెసేజ్, తర్వాత ఫోన్ నోట్స్‌లో రోజూ తారీకు, టైము, చోటు, బైక్ నంబరు. వ్యాఖ్యానం వద్దు, ఏడుపు వద్దు, కిరాణా చిట్టా లాగా రాయమన్నాను. రాసింది.

స్టేషన్‌కి మేమిద్దరమే వెళ్ళాం. వాణ్ణీ వాళ్ళ నాన్ననీ పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని, “మా వాడు మంచోడే మేడమ్, ఏదో ఇష్టపడ్డాడు, వయసు అట్టాంటిది” అన్నాడు. మహిళా ఎస్ఐ మా పిల్ల ఫోన్ తీసుకుని చదువుతూ ఉంది, తల ఎత్తలేదు.

“ఇష్టం లేదని ఈ అమ్మాయి పద్నాలుగో తారీకు సాయంత్రం మెసేజ్ పెట్టిందండీ, మీవాడు చూశాడు కూడా. ఇవాళ ముప్పై. పదిహేను నుంచి చదువుతాను, ఏ రోజు ఏం చేశాడో మీరే వినండి” అని మొదలుపెట్టింది.

మూడో రోజుది చదివేసరికి ఆయన కొడుకు వైపు తిరిగాడు. ఆవిడ ఆపలేదు.